గ్రీకు దేవతలు – అంగడి నవ్వులు

1997వ సంవత్సరమున అమెరికాలోని డిస్నీ సంస్థవారు హెర్క్యులీసు కథను హాస్యపు బొమ్మల చలనచిత్రముగా తీసిరి. ఏథెన్సు నగరమందలి ప్నిక్సు కొండపై ఆరుబయట దానిని ప్రదర్శింపనెంచగా గ్రీసు ప్రభుత్వమువారు సమ్మతింపరైరి. పూర్వము ఏథెన్సు పౌరసభ కూడి యుద్ధసంధులను నిర్ణయించిన స్థలమది. బాలురకై తీసిన వినోదచిత్రముపై ఇంత కోపమేల యని కొందఱకు తోచవచ్చును. మాకు మాత్రము ఆ కోపము న్యాయముగనే కనబడుచున్నది.

గ్రీకు కథలో ఈ వీరుడు జ్యూసునకు మానవకాంతయందు పుట్టినవాడు. జ్యూసు భార్యయగు హేరా సవతిమచ్చరముచే పసికందుపైకి పాములను పంపెను. చిత్రమందో, ఆ హేరాయే వాని కన్నతల్లి! వాత్సల్యమూర్తి! యూరిపిడీసు నాటకమున హేరా పంపిన ఉన్మాదముచే అతడు భార్యయగు మెగారాను, కన్నబిడ్డలను తన చేతులతోనే చంపుకొనును. తెలివి వచ్చునప్పటికి స్తంభమునకు కట్టబడి యుండును, ఎదుట శవములు. ఇక బ్రతుకనొల్లనన్న వానిని మిత్రుడగు థీస్యూసు ఓదార్చి ఏథెన్సునకు తోడ్కొనిపోవును. అన్ని క్రూరమృగములను గెలిచినవానికి కడపట దిక్కైనది ఒక స్నేహితుని చేయి! చిత్రమున ఇందొక్కటియు లేదు. మెగారా చతురోక్తులాడు నాయిక; అంతయు శుభముగా ముగియును.

గ్రీకులే తమ దేవతలను ఎగతాళి చేయలేదా యని ప్రతిపక్షులు ప్రశ్నింతురు. చేసిరి, కడుపుబ్బ నవ్విరి. ఒడిస్సీలో అఫ్రొడైటీ జారుడగు ఏరీసుతో మగడు పన్నిన వలలో చిక్కగా దేవతలు విరగబడి నవ్విరి. (దేవకాంతలు మాత్రము సిగ్గుచే ఇల్లు కదలలేదట!) క్రీ. పూ. 405లో అరిస్టోఫనీసు 'కప్పలు' అను ప్రహసనమున డయొనీససును పిఱికిపందగా చూపి, ఆ దేవుని ఉత్సవమందే ప్రథమ బహుమానము నందెను. కాని ఆ నవ్విన వారెవరు? స్పార్టాతో దీర్ఘయుద్ధమున అలసి ఓటమి యంచున నిలిచిన పౌరులు. ఆ పిఱికిదేవుడు తుదకు పాతాళమునుండి నగరరక్షణార్థము ఒక కవిని వెంటబెట్టుకొని వచ్చును. మన నిందాస్తుతులందువలెనే ఆ హాస్యమున చనువు గలదు, భయమును గలదు. అంగడి నవ్వునకు ఈ రెండును లేవు.

నేటి హాస్యకథకులందఱును ఒక్క తీరువారని మేమనము. స్టీఫెన్ ఫ్రై 2017లో వెలువరించిన 'మైథాస్' చమత్కారమయమయ్యు కథలలోని క్రౌర్యమును దాచలేదు. 2018లో ఆరంభమై 2024లో ముగిసిన 'లోర్ ఒలింపస్' అను బొమ్మలకథ వేఱు. అందు నొప్పి యెచ్చటను లేదనము. కాని కన్యను ఎత్తుకొనిపోయిన హేడీసు అందు వలపుకాడైనాడు, వెదకిన తల్లి అడ్డుపుల్లయైనది. ప్రాచీన స్తోత్రమున ఆ తల్లి డెమీటరు తొమ్మిది దినములు అన్నపానములు మాని దివిటీలతో కూతును వెదకెను. ఆమె యలుకచే భూమిలో విత్తు మొలకెత్తలేదు.

ఆ స్తోత్రమందును హాస్యము కలదు. ఎలూసిసులో ఒక యింట డెమీటరు పలుకక, తినక కూర్చుండగా ఐయాంబీ యను దాసి పరిహాసములాడి ఆమెను నవ్వించెను. ఆ నవ్వు పిమ్మటనే ఆమె బార్లీపిండి కలిపిన నీరు పుచ్చుకొనెను. కూతును మాత్రము మఱవలేదు.