చేపలు పడని రోజు

ఏ పని మొదలుపెట్టినా "దీనివల్ల మనకేం దొరుకుతుంది?" అని అడగడం లోకం తీరు. లాభనష్టాలు చూసుకోవడం తప్పు కాదు. కాని ప్రతి పనినీ ఆ తక్కెడలోనే తూచితే జీవితంలో సగం సంతోషం చేజారిపోతుంది. గాలం పట్టుకొని ఏటి ఒడ్డున గడిపిన ఒక రోజు నాకీ సంగతి తెలియజెప్పింది.

2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు పాలారూ, దాని ఉపనది కౌండిన్యా పొంగి ప్రవహించాయి. కౌండిన్య చిత్తూరు జిల్లా కొండలలో పుట్టి, మోర్దానా ఆనకట్ట దాటి, గుడియాత్తం మీదుగా వచ్చి పాలారులో కలుస్తుంది. వరద తీసి నీరు తేటపడ్డాక ఒక ఆదివారం నేనూ, నా మేనల్లుడూ వేలూరులో బస్సెక్కి గుడియాత్తం వెళ్ళాము. రెండు వెదురు గాలాలు, వానపాముల డబ్బా, పులిహోర పొట్లాలు, చేపల కోసం పెద్ద బుట్ట వెంట తీసుకున్నాము.

ఉదయమంతా బెండు కదలలేదు. "మామయ్యా, ఇక పోదామా?" అని వాడు నాలుగుసార్లు అడిగాడు. అంతలో ఒక లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకి ఉత్త ముక్కుతో పైకి లేచింది. మళ్ళీ దూకింది. మూడోసారి దానికి చేప దొరికింది. వాడు చప్పట్లు కొట్టాడు. ఆ తరువాత ఇంటిమాట ఎత్తలేదు. సాయంత్రానికి మాకు పడినవి రెండు పరిగెలు, వేలెడంత జెల్ల ఒకటి. వాటినీ నీళ్ళలోనే వదిలేశాము.

ఖాళీ బుట్ట చూసి నేను నవ్వుకుంటుంటే, మేకలు కాచుకునే ఒక ముసలాయన అన్నాడు: "చేప లేకుంటే ఏం నాయనా, ఏరు వచ్చింది గదా!"

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. చేపలు పట్టి బతికేవారికి ఖాళీ బుట్ట అంటే ఆ పూట పస్తు. వారి ముందు మన వినోదం గురించి గొప్పలు చెప్పుకోకూడదు. కాని సరదాకు వెళ్ళిన మనకు చేప ఒక సాకు మాత్రమే. ఓర్పు, చల్లగాలి, పక్కన కూర్చున్నవారితో మాటామంతీ, ఇవే అసలు రాబడి.

అయితే ఆ రాబడికి ఏటిలో నీరుండాలి. పాలారు ఏడాదిలో చాలాకాలం ఇసుకమేటగానే కనిపిస్తుంది. వానియంబాడి, ఆంబూరు, రాణిపేట ప్రాంతాల తోళ్ళ పరిశ్రమల మురుగు ఆ నదిని చెరిచింది. కాలుష్యం చేసినవారే దానికి మూల్యం చెల్లించాలని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. 2025లో మళ్ళీ అదే మాట గట్టిగా చెప్పవలసి వచ్చింది. తీర్పులు ఎన్ని వచ్చినా, నదిని తమదిగా భావించే మనుషులు లేకపోతే అవి కాగితాలమీదనే ఉండిపోతాయి.

ఒడ్డున ఒక పూట కూర్చున్న పిల్లవాడు ఆ ఏటిలో చెత్త వేయడానికి జంకుతాడు. ఇతరులు వేస్తే అడుగుతాడు. అందుకే నీరు వచ్చినప్పుడు పెద్దలు పిల్లలను నదికి తీసుకువెళ్ళాలని నా అభిప్రాయం. బుట్ట ఖాళీగా ఇంటికి వచ్చినా నష్టం లేదు. ఏరే ఖాళీ అయితే ఆ నష్టాన్ని పూడ్చగలవారు లేరు.