రెండు ఎడమ బుగ్గల మాస్కు

అక్టోబరు వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు హడావుళ్ళు ఒకేసారి మొదలవుతాయి. ఒక పక్క దీపావళికి ప్రమిదలు ఎక్కడ దొరుకుతాయా అని పెద్దల వెతుకులాట, ఇంకో పక్క హాలోవీన్‌కి ఏ వేషం వేయాలా అని పిల్లల గోల. మా ఇంట్లో రెండో పని నా వాటాకి వచ్చింది.

మా వాడికి తొమ్మిదేళ్ళు. నిరుడు సూపర్‌మాన్ వేషం కొన్నాం. ఈసారి స్పైడర్‌మాన్ కావాలన్నాడు. "కొనేద్దాంలేరా" అంటే, "వద్దు నాన్నా, కొట్లో దొరికేది పల్చటి గుడ్డ. తల మొత్తం కప్పే గట్టి మాస్కు కావాలి. మెడ కూడా కనబడకూడదు. చేతులకి గ్లవుజులు కావాలి" అన్నాడు. పిల్లల పట్టుదలకి కారణం అడిగేవాళ్ళెవరు? సరే, ఫోముతో మనమే చేద్దామన్నాను.

ఈ ఫోము వింత వస్తువేమీ కాదు. ఇ.వి.ఎ. అంటారు. పరుగు బూట్ల అడుగున మెత్తగా ఉండేదీ, పిల్లల గదిలో పజిల్ ముక్కల్లా అతికించి పరిచే చాపలూ చాలామటుకు అదే. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారేదాకా ఏ వంపులో పట్టుకుంటే ఆ వంపులోనే నిలబడిపోతుంది. హెల్మెట్లు, కవచాలు సొంతంగా చేసుకునేవాళ్ళకి అందుకే ఇదంటే అంత ఇష్టం.

శనివారం పొద్దున గరాజులో దుకాణం పెట్టాం. వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, ముక్కూ నోరూ వదిలేసి, అల్యూమినియం ఫాయిల్‌ని నుదుటి మీదా బుగ్గల మీదా మెల్లగా అద్దాను. దాని మీద మాస్కింగ్ టేపు అంటించాను. మార్కరుతో నడిమధ్య ఒక గీత, కళ్ళ చుట్టూ రెండు గీతలు. ఊడదీసి, నడిమి గీత మీద కత్తిరించి, ఒక్క సగాన్ని సీరియల్ డబ్బా అట్ట మీద పరిచి నకలు తీశాను. ఆ అట్టని ఫోము మీద పెట్టి ఒకసారి గీయాలి, తిరగేసి ఇంకోసారి గీయాలి. అప్పుడు కుడీ ఎడమా సరిగ్గా వస్తాయి.

తిరగేయాలని నాకు తెలుసు. తిరగేయలేదు. చాపకి ఒక వైపు నునుపు, ఇంకో వైపు గరుకు కాబట్టి కోసిన ముక్కని తిప్పి వాడుకోవడానికీ లేదు. మా వాడు రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసి, "నాన్నా, ఈయనకి రెండు బుగ్గలూ ఎడమవే" అన్నాడు. మా ఆవిడ నవ్విన నవ్వు వంటింట్లోంచి గరాజు దాకా వినిపించింది.

మళ్ళీ గీస్తుంటే వాడు, "మెడ దాకా వస్తుంది కదా?" అని అడిగాడు. మెడ కప్పితే కష్టంరా అన్నాను. 1989లో వచ్చిన బాట్‌మాన్ సినిమాలో మైకేల్ కీటన్ పెట్టుకున్న రబ్బరు ముసుగు మెడ దాకా అతుక్కుపోయి, పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేదనీ, 2008లో వచ్చిన 'ది డార్క్ నైట్'లో బాట్‌మానే తల తిప్పగలిగే ముసుగు కావాలని అడుగుతాడనీ చెప్పాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. కాసేపాగి నేల చూస్తూ, "పోయినేడు క్లాసులో ఒకడు, సూపర్‌మాన్ బ్రౌన్‌గా ఉండడు అన్నాడు. స్పైడర్‌మాన్‌కైతే ఏమీ కనబడదు" అన్నాడు.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఏడాదిగా ఈ మాట మోసుకుని తిరుగుతున్నాడన్నమాట. నిరుటి ఫొటోలు ఇండియాకి కూడా పంపించాం. వాటిల్లో నవ్వుతూనే ఉన్నాడు.

ఇలాంటప్పుడు చెప్పే మంచి మాటలు నాకూ కొన్ని వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. మా తిరుపతి గుర్తొచ్చింది.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకి ఏటా మే నెలలో జాతర. రోజుకొక వేషం. బైరాగి వేషానికి ఒంటికి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. మీసాలున్న మగవాళ్ళు చీరలు కట్టుకుని పూలు పెట్టుకుని గుడికి వస్తారు. ఏడేళ్ళప్పుడు మా అవ్వ నాకు ముఖం నిండా బొగ్గు పూసి, చేతికి వేపమండలిచ్చి వీధిలోకి పంపింది.

ఆ వేషాల వెనక కథ ఇది. ఒక పాలెగాడు ఊళ్ళో ఆడపిల్లల్ని చెరపట్టేవాడు. గంగమ్మ జోలికీ వచ్చాడు. ఆమె అసలు రూపం చూసేసరికి భయపడి పారిపోయి ఎక్కడో దాక్కున్నాడు. వాడి కోసం ఆమె రోజుకొక వేషంలో ఊరంతా గాలించింది. చివరికి దొర వేషంలో వెళ్తే, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. గంగమ్మ వాణ్ణి చంపింది.

"మరి నువ్వు మాస్కు పెట్టుకోలేదా?" అన్నాడు మా వాడు.

"లేదు. బొగ్గు పూసుకున్నా నేనెవరి మనవణ్ణో వీధిలో అందరికీ తెలుసు. అంగడాయన 'ఏం రా, మీ అవ్వ బాగుందా?' అని కూడా అడిగాడు."

ఈసారి నవ్వాడు. "ఇంతకీ ఈ కథలో దాక్కున్నదెవరు?" అని అడిగాను. "పాలెగాడు" అన్నాడు. నేనింకేమీ అనలేదు. కథ చెప్పాక దాని మీద ఉపన్యాసం ఇస్తే పిల్లలు కథని కూడా మరిచిపోతారు.

కాసేపటికి చూస్తే, వాడే పెన్సిలు తీసుకుని అట్ట మీద ముక్కు కింద అడ్డంగా గీత గీస్తున్నాడు. ఆ గీత కింద ఉన్నదంతా కత్తిరించేశాడు.

"ఎందుకురా?"

"చాక్లెట్లు తినాలి కదా!"

ఒప్పుకున్నాను. స్కూలువాళ్ళు పంపిన కాగితంలో ముఖమంతా కప్పే మాస్కులు తేవద్దనే ఉంది. ఆ సంగతి వాడికి ఆ రోజు చెప్పలేదు.

పిల్లలూ, మీరూ చేసుకోవాలనుకుంటే మిగతా పద్ధతి ఇది. కోయడం, వేడి చేయడం, జిగురు పూయడం అమ్మానాన్నల పని. గీయడం, రంగులేయడం మీది. మాస్కుకి 5, 6 మిల్లీమీటర్ల మందం ఫోము, పైన అలంకారానికి 2 మిల్లీమీటర్లది సరిపోతాయి. బ్లేడు కొత్తదై ఉండాలి, మొద్దుదైతే ఫోము చిరుగుతుంది. హీట్ గన్ దూరంగా పట్టుకుని ఆడిస్తూ ఉంటే పైపొర కొంచెం మెరుస్తుంది. అప్పుడు బోర్లించిన గిన్నె మీద వంచి చల్లారనివ్వాలి. కాంటాక్ట్ సిమెంట్ రెండు అంచులకీ పూసి, ఓ పది నిమిషాలు ఆరాక అతికించాలి. అంటుకుందంటే ఇక జరపలేం. ఈ రెండు పనులూ తలుపులు బార్లా తీసే చేయాలి. పైన స్కూలు గ్లూ మూడు నాలుగు పూతలు వేసి ఆరనిస్తే, అక్రిలిక్ రంగు పీల్చుకుపోకుండా నిలుస్తుంది. కళ్ళ దగ్గర రంధ్రాలు పెద్దవిగా ఉండాలి, రోడ్డు దాటేటప్పుడు పక్కలు కనబడాలి. ఫోముకి నిప్పు అంటుకుంటుంది కాబట్టి గుమ్మడికాయల్లో కొవ్వొత్తులకి దూరంగా ఉండండి.

హాలోవీన్ రాత్రి మా ఎర్ర మాస్కు పది గుమ్మాలు దాటేసరికి నుదుటి మీదికెక్కింది. నోట్లో చాక్లెట్, చేతిలో నిండు సంచీ. ఇంటికొచ్చాక, "ఇవాళ ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగాను. ఈ ప్రశ్న నిరుడే అడగాల్సింది.

"ఒకడు, సగం మాస్కేంటి అన్నాడు. చాక్లెట్ తినడానికి అన్నా. వాడూ తన మాస్కు పైకి తోశాడు."

అమ్మల్లారా, నాన్నల్లారా, మాస్కు కొనండి, చేయండి, మీ ఇష్టం. కానీ కొలత తీసేటప్పుడు మన పిల్లలు ఓ పావుగంట కదలకుండా మన ఎదురుగా కూర్చుంటారు. ఆ పావుగంట మాత్రం వదులుకోకండి.

ఆ రెండు ఎడమ బుగ్గలూ మా గరాజు గోడకి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. పారేద్దామంటే మా వాడు ఒప్పుకోవడం లేదు.