గొంతు మనది, తాళంచెవి ఎవరిది?

ఆన్‌లైన్ ఆటలో ఆడపిల్ల నోరు విప్పిందా, ఆట పక్కకి పోయి ఆమె మీద విచారణ మొదలవుతుంది. హాలో 3 ఆటలో ముందే రికార్డు చేసిన ఆడ, మగ గొంతులు వినిపించి కుజ్నెకాఫ్, రోజ్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. రెండు గొంతులూ పలికినవి అవే మాటలు. ఆడగొంతుకి మాత్రం సగటున మూడింతల దూషణ.

దీనికి మనకి దొరికే సలహా? మైకు కట్టేసుకో, గొంతు మార్చుకో. బస్సులో చెయ్యి తగిలితే నువ్వే కొంగు సర్దుకోమన్న పెద్దమనుషులే వీళ్లు. కాకపోతే చెవులకి హెడ్‌సెట్ తగిలించుకున్నారు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రుల సలహా ఇంతకంటే మర్యాదైనది. కంపెనీల పంచన ఎందుకు, సొంత సర్వర్ పెట్టుకోండి అంటారు. 2005 నుంచీ మంబుల్ ఉంది. ఉచితం, కోడ్ బహిరంగం, పాత కంప్యూటర్ మీదైనా నడుస్తుంది, ఫోన్ నంబరు అడగదు. నిజమే. 2025లో డిస్కార్డ్‌కి సేవలందించే బయటి సంస్థ మీద దాడి జరిగి, దాదాపు 70 వేల మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని ఆ కంపెనీయే చెప్పింది. వేధింపులకి భయపడి మారుపేరుతో ఆడుకునే అమ్మాయికి దాని అర్థమేమిటో వేరే చెప్పాలా?

కానీ 'సొంతం' అన్నప్పుడు, ఎవరికి సొంతం? మంబుల్ సర్వర్‌లో సూపర్‌యూజర్ అనే ఖాతా ఉంటుంది. ఎవరు మాట్లాడాలి, ఎవరి నోరు మూయాలి, ఎవరిని గెంటాలి, అన్నీ దాని చేతిలోనే. మాటలు దారిలో గుప్తంగానే వెళ్తాయిగానీ సర్వర్ దగ్గర ఆ ముడి విడిపోతుంది. యంత్రం ఎవరిదైతే వాళ్లు తలుచుకుంటే వినగలరు. కంపెనీ దగ్గర ఫిర్యాదుకి ఒక ఫారమైనా ఉంటుంది (దాని గతి వేరే సంగతి). ఇక్కడ వేధించేవాడు యజమాని స్నేహితుడైతే? యజమానే అయితే? తాళాలగుత్తి మన నడుముకి, ఇంటి దస్తావేజు ఆయన పేరు మీద. ఈ ఏర్పాటు మనకి కొత్తా!

అందుకని మళ్లీ కంపెనీ గదుల్లోకే పొమ్మనను. ఆ దస్తావేజు మన పేరు మీదికి రావాలంటాను. 'టెక్నికల్ విషయాలు మాకు తెలీవు' అని మన సాహిత్య సభల్లో ముచ్చటగా చెప్పుకోవడం ఇక చాలు. సంకలనాలకి సంపాదకత్వం వహించే చేతులకి సర్వర్ పెట్టడం ఒక మధ్యాహ్నం పని. మీ అమ్మాయి ఏదైనా గేమింగ్ బృందంలో చేరుతుంటే ఆట పేరు తర్వాత అడగండి. సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? అడ్మిన్ గ్రూపులో ఆడవాళ్లు ఎందరు? ఒక్కరే ఉంటే, రెండో మనిషిగా ఆమెనే చేర్చమనండి.