వైరస్ జ్వరంలో ఆస్పిరిన్ వాడవచ్చునా?

ప్రశ్న: మా వారికి 58 సంవత్సరాలు. గుండెకు స్టెంటు వేసి ఎనిమిది నెలలయింది. రోజూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ బిళ్ళలు వాడుతున్నారు. మొన్న వానలకు జ్వరం వస్తే, డెంగీ కావచ్చు, ఆ బిళ్ళలు ఆపెయ్యమని మా మరిది అన్నాడు. కోవిడ్‌లో రక్తం గడ్డకట్టకుండా కాపాడినవి అవే, జ్వరమొస్తే ఇంటిల్లిపాదీ వేసుకోవాలని పక్కింటివారు అన్నారు. జ్వరం తగ్గింది గాని నా భయం తగ్గలేదు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, అనకాపల్లి

జవాబు: ఇద్దరి మాటా వినకండి.

గాయమైనప్పుడు రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని రక్తస్రావాన్ని ఆపుతాయి. గుండె రక్తనాళంలోనో, స్టెంటులోనో అలా అతుక్కుంటే గుండెపోటు వస్తుంది. ఆస్పిరిన్ ఆ అతుక్కునే గుణాన్ని తగ్గిస్తుంది. ఒకసారి దాని ప్రభావానికి లోనైన ప్లేట్‌లెట్ తన ఆయుష్షు ఉన్నంతకాలం, అంటే వారం పది రోజులు, మళ్ళీ మామూలుగా పనిచేయలేదు. ఈ రోజు మాత్ర మానేస్తే రేపటికల్లా దాని ప్రభావం పోదు.

కోవిడ్‌లో ఊపిరితిత్తులలో, కాళ్ళలో రక్తం గడ్డలు కట్టిన మాట నిజమే. అందుకే ఆస్పిరిన్ మేలు చేస్తుందేమోనని బ్రిటన్‌లో మొదలైన ‘రికవరీ’ పరిశోధనలో ఆసుపత్రిలో చేరిన సుమారు 15,000 మందిని పరిశీలించారు. సగం మందికి రోజుకు 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. 2021లో ఫలితాలు తెలిశాయి. 28 రోజులలో చనిపోయినవారు ఇచ్చినవారిలోనూ, ఇవ్వనివారిలోనూ నూటికి 17 మందే. గడ్డలు కొద్దిగా తగ్గినా, తీవ్ర రక్తస్రావం కొద్దిగా పెరిగింది. ఆసుపత్రులలో గడ్డలు కట్టకుండా ముఖ్యంగా వాడింది హెపారిన్ ఇంజక్షన్లు. అది వేరే జాతి మందు.

డెంగీ సంగతి వేరు. అందులో ప్లేట్‌లెట్ల సంఖ్యే పడిపోతుంది. మిగిలినవాటిని కూడా ఆస్పిరిన్‌తో పనిచేయకుండా చేస్తే రక్తస్రావానికి దారి తీసినట్లే. కనుక ఏ జ్వరమో తేలేవరకు ఎవరూ సొంతంగా ఆస్పిరిన్, డిస్ప్రిన్, బ్రూఫెన్ వాడకూడదు. తగిన మోతాదులో పారాసెటమాల్ చాలు. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే మెదడుకు, కాలేయానికి ప్రమాదం తెచ్చే రై జబ్బు రావచ్చు.

మీ వారి విషయం ఇంకొకటి. స్టెంటు వేసిన మొదటి సంవత్సరంలో మాత్రలు హఠాత్తుగా ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. కనుక ఆయనకు మళ్ళీ జ్వరమొస్తే ఆ రోజే మీ ఊరి ఎన్.టి.ఆర్. ఆసుపత్రికో, మీ గుండె డాక్టరు దగ్గరకో తీసుకువెళ్ళండి. స్టెంటు కాగితాలు, మందుల చీటీ తప్పక చూపండి. డెంగీ పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క చూసి, మాత్ర కొనసాగించాలో, కొద్ది రోజులు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోకండి. డెంగీలో అసలు ప్రమాదం అప్పుడే. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, నల్లని విరేచనం, మగత – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.