విభక్తి మారును, కారకము నిలుచును

విభక్తి వ్యత్యయము కనబడినంతనే భాష చెడినదని తీర్పు చెప్పుట పండితులలో చిరకాలముగా నున్న అలవాటు. ఆ తీర్పు ఎంత తొందరపాటుతో కూడినదో తెలిసికొనుటకు, సంస్కృతముతో గాని తెలుగుతో గాని బాంధవ్యము నిరూపితము కాని జపాను భాష చక్కని నికషము.

ఆ భాషయందు నామమునకు పరముగా చేరు నిపాతములే విభక్తుల పని చేయును. నేడు కర్తకు ‘గ’, కర్మకు ‘ఒ’, సంబంధమునకు ‘నొ’ వచ్చును. కాని 8వ శతాబ్ది నాటి భాషలో ‘గ’, ‘నొ’ రెండును షష్ఠ్యర్థకములు. ప్రధానవాక్యమున కర్తకు సాధారణముగా ఏ చిహ్నమును లేదు. నామమును విశేషించు క్రియారూపము గల ఉపవాక్యమునందే కర్తకు ఆ షష్ఠి చేరెడిది. పాణినీయులకు ఇది వింత కాదు. కృదంతముతో అన్వయించు కర్తకు పాణిని 2.3.65 సూత్రమున షష్ఠినే విధించెను. ‘బాలకస్య గమనమ్’ అన్నచోట బాలకుడు గమనక్రియకు కర్తయే. విభక్తి మాత్రము షష్ఠి.

12వ శతాబ్ది మొదలు 16వ శతాబ్ది వరకు ఆ విశేషణ క్రియారూపమే క్రమముగా వాక్యాంతమున సమాపకక్రియగా స్థిరపడెను. దానితో కూడి వచ్చుచుండిన ‘గ’ ప్రధానవాక్యమున కర్తృచిహ్నమైనది. పాత యర్థము పూర్తిగా నశింపలేదు. ‘మా దేశము’ అను నర్థము గల ‘వగ కుని’లోను, సెకిగహర అను స్థలనామములోను ‘గ’ నేటికిని షష్ఠియే. హనకొ కొనిన పుస్తకమును ‘హనకొ గ కత్త హొన్’ అనియు, ‘హనకొ నొ కత్త హొన్’ అనియు చెప్పుదురు. ఉభయత్ర కర్త హనకొయే.

దేశభేదముచేతను వైవిధ్యము కలదు. క్యూషూ ద్వీపమున కుమమొతొ ప్రాంతమువారు ప్రధానవాక్యమునను కర్తకు ‘నొ’ వాడుదురు. కర్మకు వారిది ‘బ’. గమ్యమును తెలుపుటకు క్యోతొలో ‘ఎ’, క్యూషూలో ‘ని’, తూర్పు ప్రాంతమున ‘స’ వాడుదురని 1604–1608 నడుమ నాగసాకిలో అచ్చయిన రోడ్రిగ్స్ వ్యాకరణము తెలుపుచున్నది. ‘నీరు త్రాగ గోరుచున్నాను’ అనుటలో నీటికి ‘గ’యు వచ్చును, ‘ఒ’యు వచ్చును. సంభాషణలో కర్మచిహ్నము తరచు లోపించును.

ఈ లోపము తెలుగువారికి కొత్త కాదు. ‘పుస్తకము చదివెను’ అనుటలో జడవాచకమునకు ద్వితీయార్థమున ప్రథమ వచ్చుటను చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణముననే అంగీకరించెను. అది దోషమని ఎవరును అనరు.

అయినను జపాను భాషనంతటిని పాణినీయపు మూసలో పోయుట తగదు. వాక్యవిషయమును సూచించు ‘వ’ నిపాతము కర్తకును చేరును, కర్మకును చేరును. దానిని ఏ విభక్తిగను లెక్కింపరాదు. సామ్యము బాంధవ్యమునకు సాక్ష్యమును కాదు.

ఓరియంటల్ కళాశాలల విద్యార్థులు ‘ప్రథమ యనగా కర్త, షష్ఠి యనగా సంబంధము’ అని వల్లించి కారకప్రకరణమును దాటిపోవుచున్నారు. ‘బాలకేన పఠ్యతే’ అన్నంతనే వారికి కర్త కనబడకుండ పోవును. ఇందులో దోషము విద్యార్థిది కాదు, బోధనది. మొదట క్రియను, పిదప దానితో నామమునకు గల సంబంధమును, చివర విభక్తిని అడుగుట శాస్త్రమార్గము. ఆ క్రమమున నేర్చినవానికి జపాను వాక్యమును దుర్గమము కాదు. పరీక్షాపత్రములోని అపరిచిత ప్రయోగమును ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు ముందు అది ఏ కారకమును తెలుపుచున్నదో ఉపాధ్యాయుడును విచారించును.