దిగులు చెప్పుకునే చోటేది?

ఆలమూరు: వరదల కాలం వస్తే గౌతమీ గట్టు వెంబడి గ్రామాల్లో చిన్నపిల్లలు సైతం కంఠతా చెప్పే అంకెలు మూడున్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండవది, 17.75కి మూడవది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన నాటి భయం పెద్దవాళ్లను ఇంకా విడిచిపెట్టలేదు. 2022 జులై వరద ఆ భయాన్ని మళ్లీ తట్టి లేపింది. అందుకే మొదటి హెచ్చరిక చెవిన పడగానే లంకల్లో పశువులను గట్టు మీదికి తోలుతారు, పాసుపుస్తకాలు మూట కడతారు. మూడవ హెచ్చరిక దాకా ఆగేవారు ఎవరూ ఉండరు.

నది విషయంలో ఇంత జాగ్రత్త గల రైతు, తన ఒంట్లోంచి వచ్చే హెచ్చరికలను పెడచెవిన పెట్టడం విచారకరం. నడిరాత్రి మెలకువ వచ్చి తెల్లవారేదాకా మళ్లీ కన్ను మూతపడదు. అన్నం సయించదు. చీటికీమాటికీ ఇంట్లో వాళ్లపై కసురుకోవడం, తలపోటు, గుండె దడ, నలుగురిలోకి రాకుండా తప్పించుకు తిరగడం... ఇవన్నీ హెచ్చరికలే. ఒకటి రెండు రోజులైతే ఎవరికైనా ఉండేవే. వారాల తరబడి సాగితే మాత్రం రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి అవి అదుపు తప్పే అవకాశం ఉంది.

దిగులుకు కారణాలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. సార్వాకు పెట్టుబడి తేవాలి. దాళ్వా ధాన్యం డబ్బు అందేలోగానే అప్పు ఇచ్చినవారు గుమ్మంలో నిలబడతారు. పంట పండినా పండకపోయినా కౌలు బస్తాలు కొలవక తప్పదు. అరటి గెల రావులపాలెం మార్కెట్టుకు చేరాక దాని ధర రైతు చేతిలో ఉండదు. గల్ఫ్‌లో పనికి వెళ్లిన ఇల్లాలి నుంచి వారం రోజులు ఫోను రాకపోతే ఆ ఇంట ముద్ద దిగదు. ఊపిరి నెమ్మదిగా పీల్చుకోమని రైతుకు చెప్పి, ఆయనకు రావలసిన డబ్బు ఆలస్యం చేయడం న్యాయం కాదు. బాధకు మూలమైన సమస్యను తీర్చవలసిన వారు తీర్చాల్సిందే. అంతవరకు మనిషి నిలబడి ఉండాలి కదా!

ఇక్కడ ఒక సంగతి గమనార్హం. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వారి కష్టం దేశమంతటా వినిపించింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించింది. అందరి కష్టంగా చెప్పుకున్నప్పుడు రైతు సిగ్గుపడలేదు. అదే కష్టం తన ఒక్కడి ఇంటిదైనప్పుడు మాత్రం పరువు అడ్డు వస్తుంది. ఎంత అప్పు ఉన్నదో భార్యకు సైతం తెలియనివ్వని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

ఒకప్పుడు వీధి అరుగు ఈ పని కొంత చేసేది. రాత్రి భోజనాలయ్యాక నలుగురూ చేరి పైరు తెగులు మొదలు పిల్ల పెళ్లి దాకా మాట్లాడుకునేవారు. పనికిమాలిన కబుర్లు, చాడీలు కూడా అక్కడే పుట్టేవి, కాదనలేం. అయినా ఒక మనిషి నాలుగు రోజులు అరుగు మీదికి రాకపోతే ‘ఏమైందిరా’ అని ఇంటికి వెళ్లి అడిగేవారు ఉండేవారు. కొత్త ఇళ్లకు అరుగులు లేవు, ప్రహరీ గోడలున్నాయి. టీవీ ఒకరిని, సెల్‌ఫోను మరొకరిని లోపలే కూర్చోబెట్టాయి. ఆడవారికి డ్వాక్రా సంఘం సమావేశమైనా ఉంది. అక్కడ వాయిదా సొమ్ము ఒత్తిడి ఉన్నప్పటికీ, పక్కన కూర్చున్నామె చెవిన ఒక మాట వేసే వీలు దొరుకుతుంది. మగవారికి మిగిలింది టీ కొట్టు, లేదంటే మద్యం దుకాణం.

మద్యం దిగులును మరిపిస్తుందన్నది పెద్ద పొరపాటు. తాగినవాడికి త్వరగా నిద్ర ముంచుకు వచ్చే మాట నిజమే. కాని రాత్రి రెండవ సగంలో ఆ నిద్ర చెదిరిపోతుంది. తెల్లవారేసరికి నిన్నటి దిగులు అలాగే ఉంటుంది, దానికి తోడు జేబు ఖాళీ అవుతుంది. సాయంత్రం పొద్దుపోయాక తాగే టీ, కాఫీలు కూడా నిద్రకు చేటు చేసేవే.

ఇందుకు పైసా ఖర్చు లేని ఉపాయాలున్నాయి. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయాలి: ఎవరికి, ఎంత, ఎప్పటికి. తలలో తిరుగుతున్నంతసేపు కొండంత కనిపించే అప్పు కాగితం మీద ఒక అంకె అవుతుంది. ఆ కాగితం ఇంట్లో వారికి చూపాలి. వరద, ధర తన చేతిలో లేనివి; ఎరువుల వాడకం, ఈ నెల ఖర్చు తన చేతిలోవి. చేతిలో ఉన్నదాన్ని రేపు ఉదయం మొదలుపెట్టవచ్చు. ఆందోళన ముంచుకు వచ్చినప్పుడు ఉన్నచోటే కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, గాలి పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదులుతూ పది సార్లు ఊపిరి తీస్తే గుండె వేగం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సామాన్యుల కోసం బొమ్మలతో వేసిన పుస్తకంలోనూ ఇటువంటి సులువైన పద్ధతులే ఉన్నాయి. రోజంతా వంగి పని చేసినవారికి వ్యాయామం ఏమిటని నవ్వవచ్చు. అయితే సాయంత్రం గోదావరి గట్టు మీద తోడుగా ఒకరితో నడిచే అరగంట ఒంటి కోసం మాత్రమే కాదు.

వీటితో తగ్గని దిగులూ ఉంటుంది. రెండు వారాలు నిద్ర, ఆకలి లేకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు నోట వచ్చినా అది పిరికితనం కాదు, వైద్యం కావలసిన జబ్బు. అటువంటి మనిషిని ‘ధైర్యంగా ఉండు’ అని సాగనంపకుండా, పక్కన కూర్చుని సూటిగా అడగాలి. ఒంటరిగా వదలకూడదు. పురుగుమందులు ఆ ఇంట లేకుండా చూసి, వేరే చోట తాళం వేయాలి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పోలీసు కేసు అవుతుందేమోనన్న భయంతో దాచిపెట్టేవారు నేటికీ ఉన్నారు. ప్రాణం తీసుకోబోయినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి తప్ప శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతున్నది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రి, పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ నంబరు ఎన్ని గ్రామాల్లో ఎందరికి తెలుసు? వరద హెచ్చరిక అంకెల మాదిరిగా ఇదీ నోటికి రావాలంటే పంచాయతీ గోడ మీద, రైతు సేవా కేంద్రంలో, ఎరువుల దుకాణం ముందు పెద్ద అక్షరాలతో రాయించాలి. రామకోవెల దగ్గర, చర్చి దగ్గర, రావిచెట్టు కింద పోయిన అరుగులకు బదులు నాలుగు సిమెంటు బల్లలు, ఒక దీపం ఏర్పాటు చేస్తే రాత్రి పూట నలుగురు కూర్చుంటారు. పంచాయతీకి ఇది పెద్ద ఖర్చు కాదు. సార్వా నాట్లకు ముందే ఈ పని జరగడం ఎంతైనా అవసరం.