ల్యాబ్ మారితే బేవఫాయీయా?

డిగ్రీ పిల్లలకు ఇప్పుడో కొత్త పరేషానీ వచ్చింది. మా రోజుల్లో రీసెర్చ్ అంటే పీజీ తర్వాతి ముచ్చట. ఇప్పుడు నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు చివరి ఏడాది పరిశోధన చేయొచ్చని యూజీసీ 2022లో చెప్పింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బీటెక్‌తో కలిపి రీసెర్చ్ ఎంఎస్ చేసే కోర్సూ ఉంది. ఇరవై ఏళ్లకే ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరుతున్నారు. చేరాక కుదరకపోతే?

మా ఖాన్దాన్‌లో ఒక అమ్మాయి ఏడాదిగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉంది. సీసాలు కడుగుతుంది, ప్లేట్లు పోస్తుంది. ఆ ప్లేట్లతో సీనియర్లు ఏం తేల్చాలనుకుంటున్నారో ఎవరూ చెప్పరు. ఇంకో ల్యాబ్‌లో జగా ఉంది. "మొదట చాన్స్ ఇచ్చింది సారే కదా మామూ, ఏమనుకుంటారో" అంటుంది.

ఇది మన ఇళ్లలో నేర్పిన మురవ్వత్. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన పిల్లలకు ఆ చోటు హక్‌లాగా కాదు, ఖైరాత్‌లాగా కనిపిస్తుంది. కానీ మన రివాయత్ ఏం చెబుతోంది? ఇమామ్ షాఫయీ మదీనాలో ఇమామ్ మాలిక్ షాగిర్ద్. తర్వాత బాగ్దాద్‌లో ఇమామ్ అబూ హనీఫా షాగిర్ద్ అయిన ఇమామ్ ముహమ్మద్ దగ్గర చదివారు. ఇద్దరితోనూ కొన్ని మసలాల్లో విభేదించి తన రాస్తా వేసుకున్నారు. ఇల్మ్ కోసం ఉస్తాద్‌ను మార్చడం బేఅదబీ కాదు.

అట్లాగని ప్రతి విసుగూ మారడానికి వజహ్ కాదు. సీసాలు ఏ ల్యాబ్‌లోనైనా కడగాల్సిందే. ప్రయోగాలు అక్కడా ఫెయిలవుతాయి. అందుకే ముందు అడగాలి: "సార్, నాకంటూ ఒక చిన్న సవాల్ ఇవ్వండి." సవాల్ అంటే ఉర్దూలో ప్రశ్నే కదా! ఒక సెమిస్టర్ సబర్ చేసినా జవాబు రాకపోతే వెళ్లిపోవాలి. అదీ చివరి ఏడాది ప్రాజెక్టు మొదలవకముందే. రేపు పై చదువులకు సిఫారసు చిఠీ రాయాల్సింది మన ఆలోచన తెలిసిన ఉస్తాద్. హాజరీ మాత్రమే తెలిసినాయన ఏం రాస్తాడు? ఇస్తిఖారా చేసుకోండి, కానీ ఆ ల్యాబ్‌లో పనిచేసి వచ్చిన ఇద్దరితో మష్వరా కూడా చేయండి.

వెళ్లే పద్ధతిలోనే అదబ్ ఉంది. ఈ మాట సార్‌కు ఇంకొకరి నోట తెలియకూడదు, మనమే ఎదురుగా వెళ్లి చెప్పాలి. ల్యాబ్ నోట్‌బుక్ అమానత్, అది అక్కడే ఉండాలి. ఫ్రీజర్‌లోని ట్యూబుల మీద పేర్లు, తేదీలు సరిగా రాసిపెట్టాలి. తర్వాత వచ్చే పిల్లలకు పని నేర్పాలి.

ప్రొఫెసర్ సాబ్‌లకూ ఒక గుజారిష్. మార్కులు, సంతకం, చిఠీ అన్నీ మీ చేతిలో ఉన్నాయి, అందుకే పిల్లలు మీ ముందు నోరు విప్పరు. ఏడాదికోసారి మీరే పిలిచి "బేటా, ఇక్కడ ఏం నేర్చుకుంటున్నావు?" అని అడగండి. వెళ్తానంటే దువా ఇచ్చి పంపండి.